ఎనిడ్ బస్సులో సిలాస్

ఇంగ్లండులోని క్రూ పట్టణంలో టన్నిక్లిఫ్ కుటుంబమంటే రైలు మనుషులు. సిలాస్ నలభై నాలుగేళ్లు ఇంజిన్ నడిపాడు. కొడుకులిద్దరూ రైలు వర్క్‌షాపులో ఫిట్టర్లు. కూతురు ఎనిడ్ ఒక్కతే దారి తప్పి బస్సు కండక్టరైందని ఆయన క్లబ్బులో బీరు గ్లాసు ముందు కూర్చుని వాపోయేవాడు. పట్టాల మీద బతికినవాణ్ణి, రబ్బరు చక్రాలెక్కుతానా అంటూ ఎంత వానలోనైనా నడిచే వెళ్లేవాడు. డెబ్బై ఎనిమిదేళ్లొచ్చినా ఒక్కసారీ ఊరి బస్సెక్కలేదు.

ఎనిడ్ పదహారేళ్లు టికెట్లు కొట్టింది. డ్రైవరే టికెట్లిచ్చే బస్సులు రాగానే ఆమెను ఆఫీసులో టైపు పనికి పొమ్మన్నారు.

"నాకు టైపు రాదు. డ్రైవింగు నేర్పండి, వస్తుంది," అంది.

డిపో మేనేజరు నవ్వాడు. మూడుసార్లు అడిగితే మూడుసార్లూ నవ్వాడు. నాలుగోసారి నవ్వే ఓపిక లేక ఒప్పుకున్నాడు. 1974 మే నెలలో, నలభై ఆరేళ్ల వయసులో, ఎనిడ్ మొదటి ప్రయత్నంలోనే పరీక్ష నెగ్గింది.

తొలిరోజు ఉదయం మార్కెట్ స్టాపులో సిలాస్ నిలబడి ఉన్నాడు. ఆదివారం కోటు, మెరిసే బూట్లు.

"ఎక్కడికి నాన్నా?"

"ఎక్కడికీ లేదు. ఎట్లా నడుపుతావో చూద్దామని."

"అయితే కూర్చుని చూడు. నిలబడి డ్రైవరుతో మాట్లాడకూడదు."

ఆయన ముందు సీట్లో బిగుసుకుని కూర్చున్నాడు. తర్వాతి స్టాపులో చాపెల్ అనే చిన్న చర్చి పాటల బృందం ఎక్కింది. పద్నాలుగు మంది పెద్దవాళ్లు, ముందు మిసెస్ ప్రిచర్డ్. ఏడాదికోసారి లాండుడ్నో అనే ఊరికి సముద్రం చూడ్డానికి వెళ్లే ప్రయాణం.

"పదీ నలభైకి రైలమ్మా. అది పోతే ఇక మధ్యాహ్నమే!" అంది ఆవిడ.

రెండు వీధులు దాటగానే బస్సు ఆగిపోయింది. ఇరుకు సందులో బొగ్గు లారీ ఒకటి ఇరుసు విరిగి అడ్డంగా పడి ఉంది. వేరే దారి పట్టాలంటే చాపెల్ మూల దాకా వెనక్కి వెళ్లాలి. బస్సు వెనక ఏముందో ఎనిడ్‌కు కనబడదు.

"నాన్నా, దిగు."

"నేనా?"

"వెనక నిలబడి చెయ్యి చూపించు. పెట్టెలకు ఇంజిన్ తగిలించడానికి ఎన్ని వందలసార్లు వెనక్కి నడిపావో నాకు తెలీదా?"

సిలాస్ కోటు విప్పి సీటు మీద పడేసి దిగాడు. ఎనిడ్ గేరు మార్చింది. బస్సు అంగుళం అంగుళం వెనక్కి కదిలింది. ఇళ్ల గుమ్మాల్లోకి ఆడవాళ్లు ఏప్రన్లతోనే వచ్చి నిలబడ్డారు.

"కుడికి! ఇంకా! నీ కుడి కాదే, నా కుడి!" బొంగురు గొంతుతో అరిచాడు సిలాస్.

"ఇద్దరం ఒకే వైపు చూస్తున్నాం, మన కుడి ఒకటే నాన్నా!"

వీధి వీధంతా నవ్వింది. లోపల మిసెస్ ప్రిచర్డ్ పాటందుకుంది, పద్నాలుగు గొంతులూ కలిశాయి. చాపెల్ మూల తిరిగేటప్పుడు దీపస్తంభానికీ బస్సుకూ మధ్య జానెడు చోటు మిగిలింది. అద్దంలో సిలాస్ గెలిచినట్టు పిడికిలి గాల్లోకి లేపడం ఎనిడ్ చూసింది. ఆయన మళ్లీ ఎక్కాక బస్సు వేరే దారి పట్టింది.

స్టేషన్ చేరేసరికి రైలుకు ఇంకా మూడు నిమిషాలు ఉన్నాయి. బృందం చప్పట్లు కొడుతూ దిగి ప్లాట్‌ఫారం వైపు పరుగు తీసింది.

సిలాస్ నుదురు తుడుచుకున్నాడు. "వెనక్కి నడపడం నీకు బాగానే వచ్చు. సగం మంది ఇంజిన్ డ్రైవర్లకే రాదు," అన్నాడు. ఎనిడ్‌కు కళ్లు చెమర్చి నవ్వొచ్చింది.

"దిగవా మరి?"

"ఎందుకు దిగడం? మళ్లీ మార్కెట్‌కు టికెట్ కొట్టు."

ఆ రోజు ఆయన మధ్యాహ్న భోజనం దాకా దిగలేదు. ఎక్కిన ప్రతివాళ్లకూ డ్రైవరు తన కూతురని చెప్పాడు.

శనివారం డిపోకు సముద్రం బొమ్మ ఉన్న కార్డొచ్చింది. మీద "డ్రైవరమ్మకు" అని ఉంది. పద్నాలుగు సంతకాల కింద మిసెస్ ప్రిచర్డ్ ఒక మాట చేర్చింది: మా బృందంలో ఒక బొంగురు గొంతుకు ఖాళీ ఉంది, మీ నాన్నగారిని పంపండి.

సిలాస్ వెళ్లాడు. రాగం కుదరకపోయినా బృందం ఆయన్ను తమలో కలుపుకుంది. మరుసటి ఏడాది జూన్‌లో ఎనిడ్ సెలవు పెట్టి వాళ్లతో లాండుడ్నో వెళ్లింది. వేయించిన చేప తింటూ, అలలు కాళ్లకు తగులుతుంటే, తండ్రీకూతుళ్లిద్దరూ ఎవరికి ఎక్కువ ఆకలేసిందో వాదించుకున్నారు.