జలపాతానికి అరగంట దూరంలో

మా పక్కింటి అత్తయ్య గారు పోయారన్న కబురు నాకు ‘జలపాతం’ అనే వాట్సాప్ గ్రూపులో తెలిసింది. ఆ రోజు ఏదో సభకని విజయవాడలో ఉన్నాను. ఆవిడ తమ్ముడు గారు పెట్టిన రెండు ముక్కల మెసేజ్: అక్క నిద్రలోనే ప్రభువు సన్నిధికి చేరారు, సమాధి కార్యక్రమం రేపు. దాని కింద వరసగా దణ్ణాలు పెట్టే చేతులు.

ఆ గ్రూపు పెట్టింది ఆవిడే. పేరు పెట్టిందీ ఆవిడే. ఒకే ఒక్క పని కోసం పెట్టారు. మా వీధి వాళ్ళం కొంతమందిమి కలిసి, జంగారెడ్డిగూడెం అవతలి అడవిలో ఉన్న ఒక చిన్న జలపాతం దాకా నడిచి, చూసి, తిరిగి రావడానికి. బండి ఆగే చోటు నుంచి అరగంట నడక. అంతే. ఆ ఒక్కటీ తప్ప ఆ గ్రూపులో అన్నీ జరిగాయి. చివరికి ఆవిడ చావు కబురుతో సహా.

ఆవిడ నాకు చుట్టం కాదు. బందరులో పక్కింటి పెద్దావిడ అత్తయ్య కాక ఇంకేమవుతుంది? నన్ను ‘అల్లుడూ’ అనేవారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరయ్యారు. భర్త ఏనాడో పోయారు, పిల్లలు లేరు. మొవ్వ దగ్గర పల్లెలో పుట్టి బందరులో బతికిన మనిషికి నీళ్ళు కొత్తా? కాదు. కానీ ఆవిడ చూసిన నీళ్ళన్నీ పడుకున్న నీళ్ళే. కాలవ, చెరువు, వరిచేను.

“మన నీళ్ళకి తొందర లేదు అల్లుడూ. పైనుంచి దూకే నీళ్ళు ఒక్కసారి చూడాలి” అన్నారు.

ఎందుకూ అని అడిగారు అందరూ. నా గొడవంతా ఈ ‘ఎందుకూ’ తోనే. మా వైపు ఆడమనిషి గడప దాటాలంటే దారి చివర దేవుడుండాలి, లేదా పెళ్ళి, ఆస్పత్రి, చావు ఉండాలి. ఊరికే చూడ్డానికి వెళ్తానంటే ఆ మనిషికి ఏదో అయిందనుకుంటారు. వద్దని ఎవరూ అనరు. అంత మొరటు వాళ్ళు కారు. ‘అలాగే వెళ్దాం అమ్మా’ అంటూనే దారి మార్చేస్తారు.

మొదటిసారి బండి మాట్లాడగానే మా వీధి అసోసియేషన్ ప్రెసిడెంటు గారు ముందుకొచ్చారు. “శుభమా అని బయల్దేరుతున్నాం, ముందు మోపిదేవి స్వామిని చూసుకుందాం అమ్మా” అన్నారు. అడవి ఉత్తరాన ఉంది, మోపిదేవి దక్షిణాన ఉంది. అయినా బండి మోపిదేవికే వెళ్ళింది, దర్శనాలూ భోజనాలూ అయ్యేసరికి పొద్దు వాలింది, అటునుంచటే ఇంటికి. క్రైస్తవురాలైన ఆవిడ గుడి బయట కూర్చుని అందరి చెప్పులకీ కాపలా కాశారు. రెండోసారి ఆవిడ తమ్ముడు గారి వంతు. చర్చి పెద్ద. “ఎలాగూ గుడివాడ మీంచే కదక్కా, ప్రార్థన కూటాల్లో ఒక్క పూట వాక్యం విని కదులుదాం” అన్నారు. కదల్లేదు.

మూడోసారి నేను తిరిగే ప్రజాసంఘం మిత్రులు పూనుకున్నారు. దాన్ని అధ్యయన యాత్ర చేద్దామన్నారు. గిరిజన సమస్యల మీద పొద్దున రెండు ప్రసంగాలు, మధ్యాహ్నం చర్చ. వీలుంటే జలపాతం.

“మీ వాళ్ళూ అంతే అల్లుడూ” అన్నారు ఆవిడ. “వాళ్ళకి దేవుడు కావాలి, మీకు సమస్య కావాలి. నీళ్ళు ఎవరికీ అక్కర్లేదు.”

నేను ఊరుకోలేదు. గుడికీ, జనం బాధకీ పోలికేమిటని అరగంట వాదించాను. ఆవిడ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ అంతా విన్నారు. “ఇప్పుడు మాట్లాడినంత సేపట్లో జలపాతం దాకా వెళ్ళిపోయేవాళ్ళం” అన్నారు. ఆ పోలిక తప్పని ఇప్పటికీ అంటాను. కానీ తిరిగి జవాబు చెప్పే మనిషి లేరు.

ఇంతలో ఆవిడ కాన్వాస్ బూట్లు కొన్నారు. కొండదారి నడవాలంటే అలవాటుండాలి. మా ఊళ్ళో కొండ ఎక్కడిది? కాలవ వంతెన ఉంది. రోజూ పొద్దున్నే చీర కాస్త పైకి దోపుకుని, బూట్లు వేసుకుని, వంతెన ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. మా వీధిలో బట్టలు కుట్టే బేగం గారు తోడు. టీ కొట్టు దగ్గర మగవాళ్ళకి కాలక్షేపం.

“ఏవండీ, ఎవరెస్టు ఎంత దూరం వచ్చింది?”

“మీరు లేస్తే దారి కనపడుతుందండీ” అనేవారు ఆవిడ, ఆగకుండా.

ఒంటరిగా వెళ్ళిపోవచ్చుగా అని ఒకసారి అడిగాను. “వెళ్తాను. నీళ్ళు చూసి, అబ్బ అని ఎవరితో అంటాను?” అన్నారు. మా అందరి మీదా ఆవిడకి ఉన్న ప్రేమ అది. మేం దానికి తగిన వాళ్ళం కామని రాయడానికి నాకేం మొహమాటం లేదు.

కిందటి చలికాలం ఎట్టకేలకు బండి నిజంగానే ఉత్తరానికి తిరిగింది. గుడివాడలో టిఫిన్లు. నందివాడలో ప్రెసిడెంటు గారి వియ్యంకుల ఇంట్లో కాఫీ అన్నారు, అది భోజనమైంది. అడవి మొదట్లో బండి ఆగేసరికి ఎండ పచ్చబడింది. దారి కనిపిస్తూనే ఉంది, చెట్ల మధ్య నుంచి సన్నగా పైకి. అత్తయ్య గారు బండి మెట్టు మీద కూర్చుని బూట్ల తాళ్ళు బిగించుకుంటున్నారు.

ప్రెసిడెంటు గారు వాచీ చూసుకున్నారు. “ఇప్పుడెక్కితే ద్వారకా తిరుమల దర్శనం పోతుందండీ. పోనీ, ఎవరి మాటా కాదనను. పైకి వెళ్దామనేవాళ్ళు చేతులెత్తండి.”

చేతులెత్తించారండీ! ఒక మనిషి జీవితకాలపు కోరిక మీద, ఆ మనిషి ఎదురుగానే ఓటింగు. ఆవిడా, బేగం గారూ, నేనూ. బండిలో ఇంకే చెయ్యీ లేవలేదు. నేను అరిచాను. ప్రజాస్వామ్యం గురించి ఏదో అన్నాను కూడా. “అల్లుడూ, ఊరుకో. కాసేపు ఊరుకో” అన్నారు ఆవిడ. నేను నోరు మూశాక అందరికీ వినపడింది. ఎక్కడో పైన, చెట్ల వెనక, ఆగకుండా పడుతున్న నీళ్ళ చప్పుడు. ఆవిడ నిలబడి విన్నారు. తర్వాత బండెక్కి కిటికీ పక్కన కూర్చున్నారు.

“సగం అయింది. మిగతా సగం వచ్చేసారి” అన్నారు.

వేసవిలో అక్కడ నీళ్ళుండవు. వానల్లో పోనివ్వరు. వానలు వెళ్ళాక అనుకున్నాం. వానలు వెళ్ళలేదు, ఆవిడ వెళ్ళిపోయారు.

సమాధి దగ్గర తమ్ముడు గారు ప్రసంగించారు. అక్క ఎప్పుడూ పుణ్యస్థలాలకీ కూటాలకీ ముందుండి అందర్నీ తీసుకెళ్ళేదట. ప్రెసిడెంటు గారు తల ఊపారు. చనిపోయిన మనిషి లేచి ఖండించలేరు కదా అన్న ధైర్యం చూడండి! అందుకే ఇది రాస్తున్నాను. ఆవిడ ఏ పుణ్యానికీ బయల్దేరలేదు. నీళ్ళు చూడ్డానికి బయల్దేరారు.

పెట్టె మూసే ముందు బేగం గారు ఆ బూట్లు తెచ్చారు. “ఇవి ఆవిడ కాళ్ళకి వెయ్యండి బాబూ” అన్నారు.

“పరలోకానికి బూట్లెందుకండీ” అన్నారు తమ్ముడు గారు, మర్యాదగానే.

బేగం గారు వాటిని వెనక్కి తెచ్చి ఆవిడ గుమ్మం పక్కన పెట్టారు. నేను ఒకటి తీసి తిరగేసి చూశాను. వంతెన ఎక్కీ ఎక్కీ మునివేళ్ళ దగ్గర అరిగింది. దిగీ దిగీ మడమ దగ్గర అరిగింది. రాయి గీసిన గీత ఒక్కటీ లేదు.

ఇల్లు తాళం వేసి ఉంది. బూట్లు ఎవరూ లోపల పెట్టలేదు. నిన్న సాయంత్రం పెద్ద వాన. డాబా గొట్టం లోంచి నీళ్ళు పైనుంచి దూకి వాటి మీదే పడుతున్నాయి. బేగం గారు గొడుగేసుకుని గేటు దగ్గర నిలబడి, వాటిని తియ్యకుండా, చూస్తున్నారు.