కాళమ్మ ఇంటి ఫ్రిజ్

కాళమ్మ అండమాన్‌లో మా డిగ్నాబాద్ ఎత్తు ఎక్కేటప్పుడు మూడు చోట్ల ఆగేది. మొదటి మలుపులో చేపల తట్ట దించి, తలమీది చుట్టకుదురు సర్దుకుంటున్నట్టు నటించేది. రెండోది నీళ్ళ ట్యాంకు గోడ. అక్కడొక ముసలి కుక్క ఉండేది. దాన్ని తిట్టడానికే ఆగినట్టు నిలబడి, అది నిద్రపోతున్నా సరే తిట్టేది. మూడోది మా వరండా. ఇక్కడ నటన ఉండేది కాదు. మెట్టుమీద కూలబడి "బాబాయ్, నీళ్ళు" అనేది. ఆ రెండు మాటల మధ్య రెండుసార్లు ఊపిరి తీసుకునేది.

ఆమె నీళ్ళు తాగేలోపు నేనొక అబద్ధం చెప్పాలి. అది మా ఒప్పందం. ఫీనిక్స్ బే రేవు టికెట్ కౌంటర్లో ముప్ఫై ఏళ్ళు కూర్చుని "బోట్ లేదు, సీటు లేదు, రేపు రండి" అని నిజాలు చెప్పి చెప్పి విసిగినవాణ్ణి. రిటైరయ్యాక అబద్ధాలకి దిగాను. యుద్ధంలో జపానువాళ్ళు ఈ దీవుల్ని పట్టుకున్న కాలంలో మా నాన్న ఒక మొసలి మెడకి మోకు కట్టి, పడవని జంగ్లీఘాట్ నుంచి రట్లాండ్ దీవి దాకా లాగించాడని ఒకరోజు చెప్పాను.

"మొసలికి మేతేటి పెట్టినాడు?" అంది కాళమ్మ.

"దారిలో దొరికిన జపాను సిపాయిలని."

"మరి తిరిగొచ్చినప్పుడో?"

"అప్పటికి యుద్ధం అయిపోయింది. అందుకే తెడ్డేసుకుని వచ్చాడు."

కాళమ్మ నవ్వబోయింది. నవ్వు సగంలో ఉండగానే ఊపిరి చాల్లేదు. గుండెలమీద చెయ్యి పెట్టుకుని, "నవ్వించకు బాబాయ్, డాక్టరు వొద్దన్నాడు" అంది. డాక్టరు నవ్వొద్దనలేదు. తట్ట మొయ్యొద్దన్నాడు.

శ్రీకాకుళం తీరంలో పుట్టి, పందొమ్మిదో ఏట నూకయ్య వెంట ఓడెక్కి వచ్చింది కాళమ్మ. పిల్లలు లేరు. నూకయ్య మల్లేశు అనే ఆసామి పడవలో కూలికి వేటకి వెళ్ళేవాడు. ఆమె ఆ చేపలు కొని, గుమ్మం గుమ్మానికీ తిరిగి అమ్మేది. మా ఇంటికి నాలుగిళ్ళ అవతల రేకుల గది వాళ్ళది. అందులో వస్తువంటూ చెప్పుకోదగ్గది ఒక ఫ్రిజ్.

దాని కథ కూడా చెప్పాలి. సర్కారు క్వార్టర్లలో ఒక ఆఫీసరుగారికి ట్రాన్స్‌ఫరైతే, పాడైపోయిన ఫ్రిజ్‌ని ఓడెక్కించే ఖర్చు దండగని ఆయన భార్య కాళమ్మకి ఇచ్చేసింది. నూకయ్య దాన్ని వీపున కట్టుకుని ఎత్తంతా మోశాడు. వెనకున్న మోటారు పీకి పాత ఇనుముకి అమ్మేశారు. ఉత్త డొల్ల మిగిలింది. దాన్ని వెల్లకిలా పడుకోబెట్టి, ఐసు ఫ్యాక్టరీ నుంచి గడ్డ తెచ్చి కొట్టి వేస్తే, సురమాయి చేప రెండు రోజులు పాడవకుండా ఉండేది. కరెంటు తీగ తెగ్గోసిన ఆ ఫ్రిజ్‌కి కాళమ్మ దసరాకి బొట్టు పెట్టేది.

గుండెలో ఒక కవాటం చెడిందని, ఇక్కడ చెయ్యరని, మెయిన్‌ల్యాండ్‌కి వెళ్ళి ఆపరేషన్ చేయించుకోవాలని డాక్టరు చెప్పాడు. పేదల జాబితాలో పేరుంటే ఖర్చు సర్కారుదే. పేరు లేకపోతే ఎవరి ఖర్చు వాళ్ళదే. పాత జాబితాలో కాళమ్మ పేరు లేదు. కొత్త జాబితా కోసం ఇంటింటి సర్వే వస్తోందని మా వీధిలో అందరికంటే ముందు తెలుసుకున్నది ఆమే. "ఈసారి నా పేరు ఎక్కీసినట్టే బాబాయ్" అని, ఆసుపత్రి కాగితాలు, ఎక్స్‌రే ఒక ప్లాస్టిక్ కవర్లో చుట్టి సిద్ధంగా పెట్టుకుంది.

సర్వే వచ్చిన రోజు గురువారం. పద్నాలుగేళ్ళ కిందటి వానాకాలం. నూకయ్య సోమవారం వేటకి వెళ్ళాడు. మంగళవారం సాయంత్రానికి రావాలి. మంగళవారం గాలి లేచింది. బుధవారం మిగతా పడవలన్నీ వచ్చాయి. మల్లేశు పడవ రాలేదు.

ఇక్కడ వేటకెళ్ళేవాళ్ళ ఆచారం ఒకటి చెప్పాలి. ఇంటి మగాడు సముద్రం మీద ఉన్నంతసేపూ ఆ ఇంటి ఆడది 'లేదు' అనే మాట నోటితో అనకూడదు. కాళమ్మకి అత్తగారు నేర్పిన మొదటి పాఠం అది. నూకయ్య వేటలో ఉన్నప్పుడు ఎవరైనా "సురమాయి ఉందా దీదీ?" అని అడిగితే, తట్ట ఖాళీగా ఉన్నా "రేపొస్తాది భయ్యా" అనేది. ఇరవై ఏళ్ళూ అలాగే నెట్టుకొచ్చింది.

సర్వే చెయ్యడానికి వచ్చిన పిల్ల సుష్మ. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్ల, మా పాత ఆఫీసులో పనిచేసినాయన మనవరాలు. వాళ్ళూ మాలాగే సముద్రాన్ని కిటికీలోంచి చూసిన కుటుంబం. తెలుగు మాట్లాడుతుంది గాని చదవడం రాదు. ఆర్నెల్ల టెంపరరీ ఉద్యోగం, చేతిలో పలకలాంటి యంత్రం. కాళమ్మ గుమ్మంలో జెట్టీ వైపు చూస్తూ కూర్చుని ఉంది. తోడుగా నేను స్టూలు వేసుకుని కూర్చున్నాను.

పేర్లూ వయసులూ అయ్యాక సుష్మ అడిగింది. "మోటారున్న పడవ ఉందా అత్తా?"

కాళమ్మ కొంగు చివర ముడి విప్పి మళ్ళీ వేసింది.

"అత్తా, పడవ ఉందా?"

"ఉంది బేటీ" అంది కాళమ్మ. "ఉంది. వొస్తాది."

మోటారు పడవో ఫ్రిజ్జో ఉన్నట్టు పడితే పేరు జాబితాకెక్కదు. నేను కల్పించుకున్నాను. "పడవ మల్లేశుది. వీళ్ళది కాదు. లేదని రాసుకో."

"తాతా, ఇంటివాళ్ళు చెప్పిందే నొక్కాలి. ట్రైనింగులో బోలా థా."

"ఇంటివాళ్ళు చెప్పలేరమ్మా. మొగుడు సముద్రం మీదున్నాడు. తిరిగొచ్చేదాకా ఆ మాట అనకూడదు. అది వీళ్ళ ఆచారం."

సుష్మ నావైపు చూసి నవ్వింది. నవ్వక ఏం చేస్తుంది? ఆ పిల్లకి ఆరేళ్ళప్పుడు, తిమింగలం కడుపులో పోస్టాఫీసుందనీ, అందుకే మెయిన్‌ల్యాండ్ ఉత్తరాలు తడిసి వస్తాయనీ చెప్పింది నేనే. పదేళ్ళ దాకా నమ్మిందట.

"ఇది కూడా తిమింగలమేనా తాతా?"

"కాదే తల్లీ. ఇది నిజం."

"అదీ నిజమనే చెప్పారు" అని కాళమ్మ వైపు తిరిగింది. "ఫ్రిజ్?"

ఫ్రిజ్ ఎదురుగా పడుకుని ఉంది. సుష్మకి కనిపిస్తూనే ఉంది. అయినా అడగాలి గనక అడిగింది. "అత్తా, నడవకపోతే లేదని చెప్పండి, ఒక్కసారి. నేను నొక్కేస్తాను."

కాళమ్మ పెదవులు కదిలాయి. జెట్టీ వైపు చూసింది. వాన తెర తప్ప అక్కడేమీ కనబడటం లేదు.

"ఉందని రాసుకో బేటీ."

"రేపొస్తుంది" అని రాసుకునే గడి ఆ యంత్రంలో లేదు. ఉంది, లేదు, రెండే. కాళమ్మ అన్నిటికీ ఉందనే చెప్పింది. సుష్మ వెళ్ళాక నాకు కోపం ఆగలేదు.

"నీ గుండె గతేంటే? దేనికోసం ఇన్నాళ్ళు కాచుకున్నావు?"

"ఒక్క మాటనీసి ఆణ్ణి సంద్రంలో కలిపీమంటావా బాబాయ్?" అంది. అంతే. మళ్ళీ జెట్టీ వైపు తిరిగింది.

శుక్రవారం మధ్యాహ్నం ఇంకో పడవ మల్లేశు పడవని తాడేసి లాక్కొచ్చింది. ఇంజను చెడి మూడు రోజులు కొట్టుకుపోయారు. నూకయ్య పెదవులు ఉప్పుకి పగిలిపోయి ఉన్నాయి. కాళమ్మ జెట్టీ మీద నిలబడి అతన్ని చూసి, నాతో అన్న మొదటి మాట, "బాబాయ్, ఇప్పుడు రాసీ. నాకేటీ నేదు. పడవ నేదు, ఫ్రిజ్ నేదు."

రాశాను. కాన్వెంటులో సిస్టర్లు నేర్పిన ఇంగ్లీషంతా ఆ అర్జీలో పోశాను. నాలుగు నెలలకి తిరుమలరావు అనే ఇన్‌స్పెక్టరు చూడ్డానికి వచ్చాడు. మంచివాడే. కుర్చీ వేస్తే కూర్చోకుండా నిలబడే మాట్లాడాడు. పడవ రిజిస్ట్రేషన్ మల్లేశు పేరున ఉందని కాగితం చూపిస్తే ఆ తప్పు దిద్దాడు. తర్వాత ఫ్రిజ్ వైపు చూశాడు.

"దీనికి తీగే లేదండీ" అన్నాను.

"కనబడుతోంది సర్. కానీ ఫ్రిజ్ ఉందా అనే అడిగారు. నడుస్తోందా అని అడగలేదు."

"పారేస్తే?" అన్నాడు నూకయ్య.

"సర్వే రోజున ఉన్నదే లెక్క భయ్యా. మళ్ళీ సర్వే వచ్చినప్పుడు చూసుకోవాలి."

"ఎప్పుడొస్తుంది?"

తిరుమలరావు, నేను ముప్ఫై ఏళ్ళు జనానికి చెప్పిన 'రేపు రండి' లాంటి జవాబే చెప్పాడు. "పైనుంచి ఆర్డర్ రావాలి."

మరుసటి ఏడు పేపర్లో పేదరికపు గీత గురించి పడింది. కాళమ్మ మెట్టుమీద కూర్చుని అడిగితే చదివి చెప్పాను. గీత అంటే ఏమిటంటే, ఒక మనిషి బతకడానికి నెలకి ఎంత ఖర్చు కావాలో కమిటీలు కూర్చుని తేలుస్తాయి. ఒకప్పుడు తిండి లెక్క చూసేవారు. రోజుకి ఇన్ని కేలరీలు ఒంటికి పట్టాలి, వాటికింత ఖరీదు అని. తర్వాత ఇంకో కమిటీ చదువుకీ మందులకీ కూడా కొంత కలిపింది. ధరలు పెరిగినప్పుడల్లా గీతని పైకి జరుపుతారు. అంతకంటే తక్కువ ఖర్చుపెట్టేవాడు పేదవాడు. పట్నాల్లో అది మనిషికి రోజుకి ముప్ఫై చిల్లర రూపాయలకి తేలింది. గీత ఎంతమంది పేదలో చెబుతుంది. ఎవరు పేదలో సర్వే చెబుతుంది. రెండూ ఒకదాన్నొకటి కలుసుకోకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు.

"మన దీవుల్లో నూటికి ఒక్కరే పేదవాళ్ళట" అన్నాను.

"ఆ ఒక్కరెవులో?" అంది కాళమ్మ. "ఎప్పుడైనా అగుపడితే నా ఫ్రిజ్ ఇచ్చీ."

కాగితంలో అడుగున ఉండే చిన్న అక్షరాలు ముందు చదవమని సిస్టర్లు చెప్పేవారు. ఇంటర్నెట్లో అసలు కాగితం తీయించి చదివాను. పట్టిక కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. అండమాన్ నికోబార్‌కి విడిగా గీత గియ్యలేదు, తమిళనాడు గీతనే వాడారు.

ఆ మాట కాళమ్మకి చెప్పాను. మేం తినే ఉల్లిపాయ మద్రాసు రేవులో ఓడెక్కి నాలుగు రోజులు ప్రయాణం చేసి, ఆ కిరాయి మా దగ్గర వసూలు చేస్తుంది. ఇక్కడ టమాటా ధర అడిగి అక్కడివాళ్ళు నవ్వుతారు.

"అయితే మన గీత మద్రాసులోనే ఉండిపోయిందేటి?" అంది కాళమ్మ. "ఓడ ఎక్కనేదా?"

"ఎక్కింది. సముద్రపు వాంతులు పట్టుకుని దారిలో దిగిపోయింది" అన్నాను.

ఒప్పందం ప్రకారం ఆమె నవ్వాలి. నవ్వలేదు. తట్ట ఎత్తుకోవడానికి ఆ రోజు నేను సాయం పట్టాల్సి వచ్చింది.

తర్వాత మరో మూడేళ్ళు తట్ట మోసింది. ఇక్కడి ఆసుపత్రిలో మాత్రలు ఊరికే ఇచ్చేవారు, అవి మింగేది. ఫ్రిజ్ పారేద్దామని నూకయ్య రెండుసార్లు అన్నాడు. అది పోతే ఐసు నిలవదు, చేప నిలవదు, పూట గడవదు. అది ఉంటే పేదది కాదు. కాళమ్మ దాన్ని పారెయ్యనివ్వలేదు. నాలుగో వానాకాలంలో ఒక ఉదయం పది గంటలప్పుడు నీళ్ళ ట్యాంకు గోడ దగ్గర కూర్చుంది. కుక్క అప్పటికే చచ్చిపోయింది, తిట్టడానికి ఏమీ లేదు. మా వరండా అక్కడికి నలభై అడుగులు. నేను గ్లాసులో నీళ్ళు పోసి పెట్టుకుని ఉన్నాను.

కిందటేడు మళ్ళీ సర్వే వచ్చింది. సుష్మే వచ్చింది. ఇప్పుడు పర్మనెంటు ఉద్యోగం, కళ్ళజోడు. ఇన్నేళ్ళూ మాయాబందర్లో ఉండి ఈమధ్యే బదిలీ మీద తిరిగొచ్చింది. నూకయ్య వేట మానేశాడు, ఇంట్లో కూర్చుని ఇతరుల వలలు బాగుచేస్తాడు. నేను మళ్ళీ స్టూలు వేసుకున్నాను.

"ఇంట్లో ఎంతమంది మావయ్యా?"

"నానొక్కణ్ణే."

"అత్త?"

"నేదు."

సుష్మ తలెత్తి నన్ను చూసింది. నేను తల ఊపాను. కాసేపు ఆమె యంత్రం మీది గడులు వెతుకుతున్నట్టు కూర్చుంది.

"పడవ?"

"నేదు."

"ఫ్రిజ్?"

నూకయ్య దానికి చేరబడి వల కుట్టుకుంటున్నాడు. తలుపు మీద ఎప్పటిదో దసరా బొట్టు ఎండి గోధుమరంగుకి తిరిగింది. "నేదు" అన్నాడు తల ఎత్తకుండానే. ఆ మాట అతనికి తేలిగ్గానే వచ్చింది. సముద్రం మీద ఎవరూ లేరు కదా.

సుష్మ ఫ్రిజ్‌ని చూసింది. దాని తీగ తెగిన చోట చూపు ఆపింది. తర్వాత నావైపు తిరిగి మెల్లగా అంది. "తాతా, ఆ రోజు మీరు చెప్పింది..."

"నిజం" అన్నాను.

ఆమె లేదని నొక్కింది.

మూడు నెలలకి పేదల కార్డు వచ్చింది. అందులో నూకయ్య పేరొక్కటే ఉంది. రేకులు కారుతున్నాయి, కార్డు ఎక్కడ దాచావయ్యా అని నేనడిగితే నూకయ్య ఫ్రిజ్ మూత ఎత్తి చూపించాడు. లోపల ఇంకా సన్నగా చేపల వాసన ఉంది. అడుగున కాళమ్మ ప్లాస్టిక్ కవరు, అందులో ఆసుపత్రి కాగితాలు, ఎక్స్‌రే. కార్డు వాటిమీద పెట్టి ఉంది.

"దీన్లో తడి తగల్దు బాబాయ్" అన్నాడు.