ఎటు పోతే అటు రాయమన్న మావయ్య

మావయ్య ఇక లేడని అత్తయ్య ఫోన్ చేసినప్పుడు నేను విజయవాడలో బెంజ్ సర్కిల్ దగ్గర ఆటోలో ఉన్నాను. "కాఫీ తాగాడమ్మా. కాసేపు పడుకుంటానన్నాడు" అంది.

అమ్మకు తమ్ముడు. మగ్గాలవాళ్ళకు నూలు రంగు వేసి ఇచ్చేవాడు. సెలవులకు వెళ్తే, గోళ్ళ చుట్టూ నీలం పట్టిన చేతులతోనే మామిడిపండు మెత్తగా పిసికి ఇచ్చేవాడు. "కడుక్కున్నానే, ఇది పోదు" అని నవ్వేవాడు. బజారుకు వెళ్తే కొట్ల ముందు వేలాడే ప్రతి చీర అంచునూ, రంగు ఎలా పట్టిందోనని తడిమి చూసేవాడు. అత్తయ్య సిగ్గుపడి నాలుగడుగులు ముందు నడిచేది.

నేను మూత్రాశయ క్యాన్సర్ మీద పరిశోధన చేస్తాను. కణితిలో ఏ జన్యువులు జోరుగా పనిచేస్తున్నాయో, ఏవి మందగించాయో కొలిచి, జబ్బు ఎటు నడుస్తుందో అంచనా కట్టడం మా పని. ఆ జబ్బు మా ఇంట్లోకే వస్తుందనుకోలేదు. మూత్రంలో రక్తం పడుతోందని మావయ్యను విజయవాడ తీసుకొచ్చాం. మూత్రాశయం తీసేయాలన్నారు డాక్టరుగారు. జన్యువుల పరీక్ష కూడా చేయించారు. ఆ రిపోర్టు బాగా రాలేదు.

"దాచకుండా చెప్పవే" అన్నాడు మావయ్య, మా వంటింట్లో స్టూలు మీద కూర్చుని.

"ఇలాంటి రిపోర్టు వచ్చినవాళ్ళలో ఎక్కువమందికి ఆపరేషన్ తర్వాత కూడా తిరగబెట్టింది మావయ్యా. కొందరికి రాలేదు."

"మరి నేను ఎవరిలో ఉన్నాను?"

"అది చెప్పలేం. గుంపు సంగతి తెలుస్తుంది గానీ, ఒక్కరి సంగతి ఖాయంగా తెలీదు."

"తిరగబెట్టేదానికి కోత ఎందుకే?" అన్నాడు. ఏడుపు దాచుకోవడానికి పొయ్యి వైపు తిరిగాను. ఆయనే మళ్ళీ అన్నాడు: "సరేలే, చేయించుకుంటా. మీ లెక్కలో నన్నూ వేసుకోండి. ఎటు పోతే అటు రాయండి."

ఆపరేషన్ అయింది. మా పరిశోధన రికార్డుల్లో ఆయన కేసూ చేరింది. పొట్ట పక్కన మూత్రం పట్టే సంచీ వచ్చింది. ఊరెళ్ళగానే పనివాళ్ళందరికీ రబ్బరు గ్లౌజులు కొనిచ్చాడు. కొన్ని రంగులతో ఈ ప్రమాదం ఉందని నేనే చెప్పాను. ఆయనకు వాటివల్లే వచ్చిందో లేదో ఎవరూ తేల్చలేదు. జబ్బు తిరగబెడుతుందని మేం భయపడిన గడువు దాటి ఏళ్ళు గడిచాయి. కలిసినప్పుడల్లా "మీ కంప్యూటరు ఏమంటోంది?" అని ఆటపట్టించేవాడు. తప్పినందుకు అంత సంతోషించిన లెక్క నా జీవితంలో మరొకటి లేదు.

పోయిన వేసవిలో జబ్బు తిరిగొచ్చింది. చూడ్డానికి వెళ్తే, "మీ లెక్క తప్పిందని రాయకు. ఆలస్యమైందని రాయి" అన్నాడు. అలాగే రాశాం.

ఇప్పుడు కళ్ళు మూసుకుంటే కూచిపూడిలో ఆ సాయంత్రం గుర్తొస్తుంది. మావయ్య మనవరాలి మొదటి నాట్య ప్రదర్శన. మావయ్య ముందు వరసలో, సంచీ కనపడకుండా కండువా కప్పుకుని కూర్చున్నాడు. ఒక చెయ్యి దాని మీదే ఉంది. రెండో చెయ్యి మాత్రం, పిల్ల అడుగు వేసినప్పుడల్లా, మోకాలి మీద తాళం వేస్తోంది.