తొట్టి తెలియని దూడ

కోసిన పచ్చిగడ్డి ఎండకు వాడేటప్పుడు వచ్చే వాసన ఇప్పటికీ నన్ను ఉన్నచోటే నిలబెట్టేస్తుంది. మొన్న మా బర్రెకు గడ్డి కోసి గట్టున వేసినప్పుడూ అంతే. గల్ఫ్‌లో అల్ ఐన్ దాటాక వచ్చే ఎర్ర ఇసుక, పొడవాటి కంచె, ఆ కంచెకు మోచేతులు ఆనించి నిలబడ్డ డాక్టర్ ఇద్రీస్ కళ్ళముందు మెదిలారు. ఆయనది సూడాన్. హైదరాబాద్‌లో పశువైద్యం చదువుకున్నారు కాబట్టి హిందీ నాకంటే చక్కగా మాట్లాడేవారు. ఎనభైల మొదట్లో ఒక షేక్ గారి తోటలో ఆయన పశువుల డాక్టరు, నేను నీళ్ళ ట్యాంకర్ డ్రైవరును.

ఆ తోట దొడ్లో అరబ్బులు 'మహా' అని పిలిచే జంతువులు ఉండేవి. తెల్లటి ఒళ్ళు, కత్తుల్లాంటి నిటారు కొమ్ములు ఉన్న పెద్ద జింకలవి. ఒకప్పుడు ఎడారంతా తిరిగేవట. జీపులూ తుపాకులూ వచ్చాక బయట ఒక్కటీ మిగల్లేదు. మా దగ్గరున్నవి దొడ్లోనే పుట్టి, కోసి వేసిన పచ్చిగడ్డి మేసి, తొట్టి నీళ్ళు తాగి పెరిగినవి.

"వీటిని మళ్ళీ ఇసుకలోకి వదలాలి రాజేశం. కానీ అక్కడ బతకడం వీటికి గుర్తుందా?" అన్నారాయన ఒకరోజు. నాకు నవ్వొచ్చింది. బతకడం కూడా ఎవరైనా మరిచిపోతారా?

చలికాలంలో వాటిని చాలా పెద్ద కంచెలోకి వదిలాం. నాలుగు చినుకులు పడి గడ్డి మొలిచింది. ఎండలు ముదిరేకొద్దీ తొట్టిని దూరంగా జరపమన్నారు డాక్టర్. నింపడం కూడా తగ్గించమన్నారు. నాకు మనసొప్పలేదు.

"పాపం సాబ్, మూగజీవాలు. ట్యాంకర్ నిండ నీళ్ళున్నయి గదా."

"ఉండనీ. చావనివ్వను. అంతదాకా వస్తే నువ్వే నీళ్ళు పోద్దువు గాని."

రోజూ తెల్లవారకముందే వెళ్ళి చూసేవాళ్ళం. మంచుకు తడిసిన గడ్డిని అవి ఆ వేళకే మేసేవి. పొద్దెక్కేసరికి గాఫ్ చెట్ల కిందికి చేరేవి. గాఫ్ అంటే మన జమ్మి చెట్టే. గిట్టలతో పైనున్న వేడి ఇసుక తవ్వేసి, ఆ గుంటలో కదలకుండా పడుకునేవి. అవి లేచిపోయాక డాక్టర్ నా చెయ్యి పట్టుకుని గుంటలో పెట్టించారు. చల్లగా ఉంది.

"వీటికి ఎవరు నేర్పిన్రు సాబ్?"

"అదే నాకూ తెలియదు," అన్నారు. తెలియదని చెప్పేటప్పుడు ఆయన ముఖం ఎంత వెలిగిపోయేదో!

ఒక ముసలిది మాత్రం తొట్టి ఉండే పాత జాగా వదల్లేదు. నా బండి చప్పుడు వినగానే తల ఎత్తేది. పక్కటెముకలు తేలిపోయాయి. నేను డాక్టర్ వైపు చూశాను.

"ఖలాస్, ఇక చాలు. దీనికి నీళ్ళు పొయ్యి."

"అయితే మనం ఓడిపోయినమా?"

"లేదు. ఈ వయసులో దీనికి పరీక్ష పెట్టడం నా తప్పు," అని, అది తాగుతున్నంతసేపూ పక్కనే కూర్చున్నారు. తర్వాత దాన్ని దొడ్డికి తోలుకొచ్చాం. అక్కడే ఇంకొన్నేళ్ళు బతికింది.

ఆ ఎండాకాలం చివర బయటే ఒక దూడ పుట్టింది, ఇసుక రంగులో. చలి మొదలయ్యాక నేను తొట్టి నింపితే మందంతా వచ్చింది. దూడ ట్యాంకర్‌ను దూరం నుంచి వాసన చూసి, వెనక్కి తిరిగి గడ్డిలోకి వెళ్ళిపోయింది. డాక్టర్ నా భుజం పట్టి ఊపేశారు. "చూశావా! దానికి నువ్వెవరో తెలియదు!" నన్ను ఎరగనందుకు ఒకరు అంత సంబరపడటం మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

తర్వాత ఆయన ఖార్టూమ్ వెళ్ళిపోయారు. మళ్ళీ కబురు తెలియలేదు.

మా ఊరి గుట్టను గ్రానైట్ కోసం తొలిచేశాక కోతులు ఇళ్ళమీద పడ్డాయి. అందరిలా నేనూ తరుముతాను. నిన్న మాత్రం ఒక తల్లికోతి మా డాబా మీది కుళాయి తిప్పి, నీళ్ళు తాగి, పిల్ల చెయ్యి కుళాయి మీద పెట్టింది.

"కట్టె పట్టుకొని గట్ల నిలబడ్డవేంది?" అని కేకేసింది మా ఆవిడ.

"మెల్లగ. ఆ పిల్లకు వస్తదా రాదా సూడనియ్యి," అన్నాను.