బిరడాకి బొట్టు పెట్టి పడవెక్కిన వైనం

ముందే చెప్పేస్తున్నాను. ఇందులో ఒక కొత్త పడవ మునిగినంత పనవుతుంది. గాలీవానా కారణమనుకునేరు, అవేమీ లేవు. ఆ రోజు కృష్ణలో వరద లేదు, సుడులు లేవు. నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు కదలకుండా ఉన్నాయి. అలాంటి నీళ్ళలో పడవని ముంచడం మామూలు మనిషి వల్ల అయ్యే పని కాదు, చదువుకున్నవాడు కావాలి. నేను విజయవాడలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. వస్తువులు నీళ్ళలో ఎందుకు తేలతాయో, ఎందుకు మునుగుతాయో ఏటా నాలుగు సెక్షన్ల పిల్లలకి బోర్డు మీద బొమ్మ వేసి మరీ వివరిస్తాను.

అసలు నాకూ పడవకీ సంబంధం కలిపింది మా మావయ్య గారు, అంటే మా ఆవిడ పద్మజ వాళ్ళ నాన్న గారు. వాళ్ళది నాగాయలంక దగ్గర పల్లె, వ్యవసాయం. చిన్నప్పటి నుంచీ లంక పొలాలకి పడవ మీద వెళ్ళొచ్చిన మనిషి. మాట తక్కువ, మర్యాద ఎక్కువ. అల్లుడంటే దేవుడి తరవాత దేవుడే ఆయనకి. నేను తుమ్మితే లేచి వెళ్ళి ఫ్యాను ఆపేస్తారు. ఒకసారి పప్పులో ఉప్పు వేయడం మర్చిపోయారు. నేను మొహమాటానికి "చాలా బాగుందండీ" అన్నాను. నేనున్న మూడు రోజులూ ఆ ఇంట్లో అందరి చేతా ఉప్పు లేని పప్పే తినిపించారాయన.

పెళ్ళయిన కొత్తలో ఆయన నన్ను పడవలో లంకకి తీసుకెళ్ళారు. మధ్యలో పడవ కాస్త ఊగింది. అంతే, ఎదురుగా కూర్చున్న ఒక ముసలమ్మని, ఆవిడ గడ్డిమోపుతో సహా, గట్టిగా వాటేసుకున్నాను. పడవలో ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. మావయ్య గారు నవ్వలేదు. "అల్లుడు గారికి అలవాటు లేదు లెండి" అని నా తరపున అందరికీ సంజాయిషీ చెప్పుకున్నారు. నవ్వినా బాగుండేది. ఆ సంజాయిషీ నాకు ముల్లులా దిగింది. ఎప్పటికైనా ఆ మనిషి నోటితో "మా అల్లుడికి నీళ్ళంటే భయం లేదు" అనిపించుకోవాలని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను.

ఆ పట్టుదల మూడేళ్ళు ముదిరి ముదిరి, ఒక ఫైబర్ పడవ రూపంలో బయటపడింది. ఇద్దరు ముగ్గురు కూర్చుని చేపలు పట్టుకునే చిన్న పడవ, రెండు తెడ్లు. అమ్మినాయన చాలా ఓపిగ్గా చెప్పాడు: అడుగున వెనక వైపు ఒక కన్నం ఉంటుంది, దానికి రబ్బరు బిరడా ఉంటుంది, ఒడ్డు మీద కడిగినప్పుడు బిరడా తీస్తే లోపలి నీళ్ళు బయటికి పోతాయి, నీళ్ళలోకి దించే ముందు మళ్ళీ బిగించుకోవాలి. నేను మధ్యలోనే ఆపి, నేను ఫిజిక్స్ లెక్చరర్‌నని తెలియజేశాను. పాపం ఇంకేమీ చెప్పలేదు.

తరవాత వన్ టౌన్‌కి వెళ్ళి తాడు, గేలాలు, వల, పెద్ద అంచు టోపీ, ఒక ఈలా కొన్నాను. ఈల ఎందుకండీ అని కొట్టాయన అడిగాడు. నాకూ తెలీదు. లైఫ్ జాకెట్లు కూడా రెండు కొన్నాను, ఆ రోజు అవి కవరైనా విప్పకుండా కారు డిక్కీలో క్షేమంగా ఉన్నాయి. గుణదలలో మా మేడ మీద కుర్చీ వేసుకుని, ఫోన్లో వీడియో పెట్టుకుని, రెండు కొబ్బరి చీపుళ్ళతో పదిహేను రోజులు తెడ్డు వేయడం సాధన చేశాను. మేడ ఒక్కసారి కూడా మునగలేదు. ఇక ధైర్యం వచ్చేసి, వచ్చే ఆదివారం రమ్మని మావయ్య గారికి కబురు పెట్టాను. పద్మజతో మసాలా మాత్రం నూరి ఉంచమన్నాను, చేప నేను తెస్తానని.

అయితే మా ఊళ్ళో ఒక సంగతుంది. సైకిలు దగ్గర్నుంచి పొక్లెయిన్ దాకా, కొత్త బండి ఏదైనా పూజ కానిదే కదలదు. కార్లయితే అమ్మవారి కొండ దగ్గరికి తీసుకెళ్తారు. పడవని తీసుకెళ్ళలేం కాబట్టి పద్మజ పంతులు గారినే రేవుకి పిలిపించింది. బ్యారేజీకి ఎగువన, జనం పెద్దగా ఉండని చిన్న రేవు అది. పంతులు గారు ఎన్ని వేల బళ్ళకి పూజ చేశారో గానీ పడవ మాత్రం ఆయనకీ కొత్తే. నాలుగు నిమ్మకాయలు పట్టుకుని చుట్టూ రెండు ప్రదక్షిణలు చేసి, చక్రాలెక్కడున్నాయండీ అని అడిగారు. లేవన్నాను. పోనీ ఒకసారి హారన్ కొట్టండి అన్నారు. ఈల ఎందుకు కొన్నానో అప్పుడు తెలిసింది.

పంతులు గారు లోటు చేయలేదు. పడవలో పసుపు నీళ్ళు చల్లారు, కలశం నీళ్ళు ఒంపారు, కొబ్బరికాయ నీళ్ళూ పోశారు. అవన్నీ అడుగున చేరి చిన్న చెరువైంది. "మా నాన్న గారు తెల్లపంచెతో ఎక్కాలండీ, ఆ పసుపు నీళ్ళు తీసేయండి" అంది పద్మజ. నాకు కావలసిందీ అదే. పక్కన మెట్ల మీద బట్టలుతుకుతున్న ఇద్దరు ఆడవాళ్ళకి కూడా వినబడేట్టు, నీళ్ళు ఎత్తు నుంచి పల్లానికి ఎలా ప్రవహిస్తాయో చెప్పి, బిరడా లాగాను. నీళ్ళు బయటికి పోయాయి. బిరడా ఇసకలో పడి పోతుందేమోనని, దాన్ని జాగ్రత్తగా పూజ పళ్ళెంలో పెట్టాను.

ఇదిగో, నా జీవితంలో నేను తీసుకున్న జాగ్రత్తలన్నీ ఇలాగే ఉంటాయి.

పంతులు గారు అప్పటికే తెడ్లకి, గేలాలకి, మంచినీళ్ళ సీసాకి బొట్లు పెడుతున్నారు. ఆ ఊపులో బిరడాకీ పసుపు రాసి, బొట్టు పెట్టి, మీద ఒక బంతిపువ్వు ఉంచారు. పద్మజ అదే పళ్ళెంలో కర్పూరం వెలిగించి హారతిచ్చింది. అంటే ఆ బిరడా నా ముఖం ముందు మూడుసార్లు గుండ్రంగా తిరిగింది. తిరుగుతుండగానే పద్మజ "ఈ రబ్బరు ముక్క ఏంటండీ పళ్ళెంలో?" అని అడిగింది కూడా. నేను భక్తితో కళ్ళు మూసుకుని, తరవాత అన్నట్టు చెయ్యి ఊపాను.

పడవని నీళ్ళలోకి తోశాం. మావయ్య గారు ఇస్త్రీ పంచె, భుజాన కండువాతో ఎక్కి, ఒకసారి పడవ వెనక వైపు చూశారు, ఒకసారి నన్ను చూశారు, మారు మాట్లాడకుండా ముందు బల్ల మీద కూర్చున్నారు. ఆ చూపు నాకు మెచ్చుకోలులా కనిపించింది. తెడ్డు నేను వేయనా అని అడిగారు. మీరు హాయిగా కూర్చోండి మావయ్య గారూ అన్నాను. నిజం చెప్పాలంటే పడవ బాగానే నడిచింది. చీపుళ్ళ సాధన వృథా పోలేదు. నది మధ్యకి వచ్చేసరికి నాకు నేనే ముచ్చటగా కనిపించాను.

అంతలో మావయ్య గారు రెండు కాళ్ళూ ఎత్తి బల్ల మీద పెట్టుకుని, పంచె మోకాళ్ళ దాకా సర్దుకున్నారు.

"ఇబ్బందిగా ఉందా మావయ్య గారూ?"

"అబ్బే, ఏం లేదండీ. కింద కాస్త చల్లగా ఉంటేనూ."

"నది కదండీ, అలాగే ఉంటుంది."

"అంతేనండీ."

కిందకి చూస్తే నా పాదాల చుట్టూ పచ్చటి నీళ్ళు. పూజ నీళ్ళు కొన్ని మిగిలిపోయాయనుకున్నాను. ఇంకాసేపటికి నీళ్ళు చీలమండలు దాటాయి, పసుపు రంగు కూడా పోయింది. పసుపు అడుక్కి దిగి ఉంటుందని దానికీ ఒక కారణం కనిపెట్టాను. అప్పుడు మావయ్య గారి చెప్పు ఒకటి మెల్లగా తేలుతూ నా దాకా వచ్చి, మళ్ళీ ఆయన దగ్గరికి వెళ్ళిపోయింది.

"చెప్పులు తేలుతున్నాయండీ" అన్నారాయన, ఎండ బాగా కాస్తోందండీ అన్నంత మామూలుగా.

"రబ్బరు కదండీ, సాంద్రత తక్కువ."

"ఓహో."

ఆ రబ్బరు అన్న మాట నా నోట్లోంచి వచ్చి నా చెవిలోనే పడింది. రబ్బరు. బిరడా. బంతిపువ్వు. హారతి పళ్ళెం మళ్ళీ నా కళ్ళ ముందు తిరిగింది, ఈసారి కళ్ళు తెరిచే ఉన్నాను. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అంటారు. నేను సగం ఏట్లోనే బోడి మల్లయ్యనయ్యాను. పైగా నాకు ఈత రాదు.

"మావయ్య గారూ, చిన్న సమస్య వచ్చిందండీ."

"చెప్పండి."

"పడవలోకి నీళ్ళు వస్తున్నాయండీ."

"అలాగాండీ" అన్నారాయన, అప్పుడే తెలిసినట్టు.

ఆయన చెయ్యి కండువా మీదకి వెళ్ళింది. ఈలోగా నా బుర్ర చురుగ్గా పనిచేసింది. వెనక్కి పాకి, తడిమి, కన్నం దొరకబుచ్చుకుని, నా కుడికాలి బొటనవేలు దాన్లో దూర్చేశాను. సరిగ్గా సరిపోయింది. నీళ్ళు ఆగిపోయాయి. మావయ్య గారు ఒక్క క్షణం కండువా పట్టుకుని ఆగి, మళ్ళీ భుజాన వేసుకుని, తెడ్లు అందుకున్నారు. ఆయన తెడ్డు వేస్తే పడవలో కుదుపు లేదు, చప్పుడు లేదు. నేను వెనక వైపు వాలి కూర్చుని, టోపీతో నీళ్ళు తోడి పోస్తున్నాను.

వేలు బయట నదిలో ఉందన్న సంగతి నేను మర్చిపోయినా చేపలు మర్చిపోలేదు. ఏదో వచ్చి ముందు మెత్తగా రుచి చూసింది. తరవాత కొరికింది. రోట్లో తల దూర్చి రోకటిపోటుకి వెరవనేల అన్నారు పెద్దలు. కన్నంలో వేలు దూర్చినవాడికీ అదే వర్తిస్తుంది. గేలాలూ వలా పొడిగా ఒక మూల ఉన్నాయి. ఆ రోజు నా దగ్గరికి వచ్చిన చేప అదొక్కటే, అది కూడా నన్ను పట్టుకోవడానికి వచ్చింది.

ఒడ్డుకి చేరాం గానీ వేలు మాత్రం రాలేదు. ఉబ్బి బిగుసుకుపోయింది. నలుగురు కలిసి పడవని, దానికి బిరడాగా ఉన్న నన్ను, ఒకేసారి ఒడ్డుకి లాగారు. బట్టలుతికే ఆవిడ దగ్గరికొచ్చి చూసి, "ఇందాక నీళ్ళు బయటికి పోతాయనే చెప్పారండీ, లోపలికి కూడా వస్తాయని చెప్పలేదు" అంది. పద్మజ ఏమీ అనకుండా పళ్ళెంలోంచి బంతిపువ్వు పక్కకి తీసి, పసుపు బిరడా నా ముక్కు ముందు పట్టుకుంది. ఆ అనకపోవడం ఆ రాత్రి భోజనాల తరవాత వివరంగా అనడానికేనని నాకు తెలుసు.

మావయ్య గారు దీపానికి తెచ్చిన నువ్వుల నూనె నా వేలి చుట్టూ పోసి, పసిపిల్లాడి కాలు పట్టుకున్నట్టు పట్టుకుని, మెల్లగా తిప్పుతూ తీస్తున్నారు. ఆయన పంచె నడుం దాకా తడిసిపోయింది. నాకు తల ఎత్తాలనిపించలేదు.

"క్షమించండి మావయ్య గారూ. బిరడా పెట్టడం మర్చిపోయాను."

"అయ్యో, అంత మాటెందుకండీ. నేను ఎక్కేటప్పుడే చూశాను, అది లేదని."

నేను ఆయన ముఖంలోకి చూశాను. ఎగతాళేమీ లేదు.

"చూశారా? మరి చెప్పలేదేమండీ?"

"మీరు చదువుకున్నవారు. కొత్త రకం పడవ. బిరడా లేకుండా నడిచే ఏర్పాటేదో ఉందేమో అనుకున్నాను. పదిమందిలో అల్లుడు గారిని అడిగితే ఏం బాగుంటుంది?"

"పోనీ నది మధ్యలోకి వెళ్ళాకైనా…"

"చల్లగా ఉందన్నాను కదండీ."

ఆయన నూనె ఇంకొంచెం పోశారు.

"కండువా కుక్కితే సరిపోయేదండీ. తీసేలోపే మీరు కాలు పెట్టేశారు. పెట్టిన కాలు తీయమంటే చిన్నబుచ్చుకుంటారని ఊరుకున్నాను."

వేలు ఊడి వచ్చింది. నొప్పికో, సిగ్గుకో, ఇంకెందుకో నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మూడేళ్ళుగా నేను ఆయన దగ్గర గౌరవం సంపాదించాలని తాపత్రయపడుతున్నాను. ఆయన దగ్గర అది ఎంత ఉందంటే, నా మాట తీసేయడం కన్నా నాతో పాటు మునగడమే నయమనుకున్నారు. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో చేపల మసాలా వేసి కోడిగుడ్ల పులుసు పెట్టుకున్నాం. తిన్నాక ఆయన హాల్లో కూర్చుని ఫోన్లో మా అత్తయ్య గారికి చెబుతుంటే విన్నాను: "మన అల్లుడు గారికి నీళ్ళంటే అసలు భయం లేదే. దారి పొడుగునా కాలు నదిలోనే పెట్టుకుని కూర్చున్నారు."

కాబట్టి పాఠకులారా, కృష్ణమ్మ సాక్షిగా, వాచి వంకాయలా అయిన నా కుడికాలి బొటనవేలి సాక్షిగా, నేను ప్రమాణం చేస్తున్నాను. నా మీద గౌరవం ఉన్న ఏ మనిషితోనూ ఈ జన్మలో మళ్ళీ పడవ ఎక్కను. పడవ ఇంకా ఉంది, ఆదివారాలు ఇప్పటికీ వెళ్తూనే ఉన్నాను. పద్మజని ఎక్కించుకుని వెళ్తాను. ఆవిడతో ఆ ప్రమాదం లేదు.