ట్యాంకుకు రంగు వేసేలోగా

మా అన్న పదిహేనేళ్లు సైన్యంలో ట్యాంకు నడిపాడు. ఇంటికొచ్చాక మణుగూరు గనిలో కాపలా ఉద్యోగంలో చేరాడు. తొంభైలు మొదలవుతుండగా షుగరు అతని కళ్లకు తగిలింది. కంటి లోపల రక్తం చిమ్ముతోందని, చూపు ఎన్ని నెలలు ఉంటుందో చెప్పలేనని ఖమ్మం దవాఖానాలో డాక్టరు అన్నాడు. తిరిగొచ్చే బస్సులో అన్న, “తమ్మీ, ఒక్కపారి ట్యాంకు పోతుంటె చూడాలని ఉన్నదిరా” అన్నాడు.

ట్యాంకు ఎక్కణ్ణుంచి తేను? నేనే చేస్తానన్నాను. గని వర్క్‌షాపులో ఫిట్టర్ని, చేతిలో పనుందన్న పొగరు కొంచెం ఎక్కువే. అసలు బండిలో ఆరో వంతు సైజు అనుకుంటే, ఫిరంగి గొట్టంతో కలిపి అయిదడుగులు వచ్చింది. పాత డ్రమ్ముల రేకుతో ఒళ్లు, జీపు వైపర్ల మోటార్లు రెండు, స్కూటరు బ్యాటరీ. చక్రాలు ఖమ్మంలో లేతు పనిచేసే సాయిబు తిప్పి ఇచ్చాడు. నా ప్రాణం తీసినవి గొలుసు పట్టాలు. పక్కకు తొంభై ముక్కలు, ముక్కముక్కకూ సైకిల్ స్పోకు కోసి పిన్ను పెట్టాలి. మద్రాసులో బొమ్మ విమానాలు ఎగరేసే ఒకాయన దగ్గర తీగ లేకుండా దూరం నుంచి నడిపించే పాత రేడియో పెట్టె దొరికింది. దాని మీద రెండు లివర్లు, ఒక్కో పట్టాకు ఒకటి. ఏ పక్క లివర్ వెనక్కి లాగితే బండి ఆ పక్కకు తిరుగుతుంది.

“మా బండి గూడ గంతేరా” అంటూ అన్న గాల్లో రెండు చేతులూ లాగి చూపించాడు.

ఎండాకాలం, బీడీల తునికాకు కోతలప్పుడు, అన్న కంటి పరీక్షకని ఖమ్మం పోయిన రోజు, అది మొదటిసారి కదిలింది. మా ఇంటి షెడ్డులో ఈ గోడ నుంచి ఆ గోడకు గలగలమంటూ పోయింది. సాయంత్రం అన్న వచ్చి, “ఏమాయెరా?” అని అడిగితే, “ఇంక గాలే” అన్నాను.

ఎందుకన్నానో చెప్పాలి. వర్క్‌షాపులో మాకొక పద్ధతి ఉండేది. రిపేరుకొచ్చిన డంపరు ఇంజను బాగైనా సరే, కడిగి, రంగేసి, ఫోర్‌మన్ సుద్దముక్కతో ఓకే రాసేదాకా డ్రైవర్ చెయ్యి తగలనిచ్చేవాళ్లం కాదు. బతిమాలిన డ్రైవర్లను నేను కసురుకునేవాణ్ణి. నా బుద్ధి గడ్డి తిని ఆ పద్ధతిని ఇంటికీ తెచ్చుకున్నాను. తుప్పు రేకుల బండిని అన్నకు ఎట్లా చూపిస్తాను? అతను నడిపిన బండి ఎట్లా ఉండేదో అట్లాగే ఉండాలి.

షెడ్డు గుమ్మానికి టార్పాలిన్ కట్టి కూర్చున్నాను. రేకును వెనక నుంచి మేకుతో పొడిచి మూడు వందల బోల్టు తలలు లేపాను. పుట్టీతో వెల్డింగు గీతలు పెట్టాను. క్లచ్ వైరు పేని లాగుడు తాడు చేశాను. అన్న బయట స్టూలు మీద కూర్చుని, పార ఏ పక్క కట్టేవాళ్లో, మడ్‌గార్డు ఎక్కడ సొట్టపడిందో చెప్పేవాడు. చెప్పి చెప్పి, “ఎట్లున్నా చూస్తగని, పర్దా తియ్యరాదురా” అనేవాడు.

“ఆగన్నా, జల్దీ చేస్తె పాడైతది.”

“ఆయన కండ్లు ఆగుతయా?” అని వదిన ఒకరోజు గట్టిగానే అడిగింది. నా పని నాకు తెలుసని ఆమె మీద కోప్పడ్డాను.

వానాకాలంలో ఎడమ కన్ను పోయింది. అప్పటికైనా టార్పాలిన్ తీశానా, లేదు. ముసురులో రంగు ఆరడం లేదు. దసరాకు వారం ముందు కుడికంట్లోనూ రక్తం చిమ్మి ఆ చూపూ పోయింది. రంగు ఆరింది ఆ తర్వాత నాలుగు రోజులకు.

వాకిట్లోకి తెచ్చి అన్న చేతులు దాని మీద పెట్టాను. వేళ్లతో తడుముతూ ముందుకు పోయి, డ్రైవర్ మూత దగ్గర ఆగాడు. “మూత వేసుకుంటె మాకు ఏం కనవడకపోయేది. చిన్న అద్దం, గంతే. పైనుంచి సాబ్ చెప్తుంటె పోయెటోళ్లం. నువ్వు చెప్పు” అని రేడియో పెట్టె అందుకున్నాడు. నేను చెప్పాను. సీదా, ఎడమ, మళ్లీ ఎడమ. జామచెట్టుకు తగలకుండా రెండు చుట్లు తిప్పాడు. నేను చెప్పడం ఆపితే బండీ ఆగింది.

“బాగ పోతున్నదిరా. ఎన్నొద్దులాయె ఇది కదలబట్టి?”

అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. “అయిదు నెలలైందన్నా. తునికాకు అప్పుడే.”

అతని వేళ్లు లివర్ల మీదే ఉండిపోయాయి. “అప్పుడు నాకు రెండు కండ్లు ఉండె గదరా” అన్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పెట్టె నా చేతికిచ్చి, “సరే, ఎట్లున్నదో చెప్పు” అన్నాడు. చెప్పాను. ఆకుపచ్చ ఏ రకమో, బురద ఎక్కడెక్కడ పూశానో, బోల్టులు ఏ వరసలో ఉన్నాయో అన్నీ చెప్పాను. ట్యాంకు జామచెట్టు పక్కన ఉంది. అన్న గేటు వైపు ముఖం పెట్టి విన్నాడు.