నాన్న మంచానికి కట్టిన పూలు

కొబ్బరి చెట్టు మొవ్వులో ఇంకా విచ్చుకోని ఆకు మీగడ రంగులో ఉంటుంది. పెళ్లి పందిరికి ఆర్చి కట్టాలంటే దాన్ని మించింది లేదు. కాని మొవ్వు కోస్తే చెట్టు దెబ్బతింటుంది. అందుకని ఏ ఆసామీ కోయనివ్వడు. మా నాన్న చెట్లెక్కి కొబ్బరికాయల దింపు తీసేవాడు. రాజోలు దగ్గర కాలవ గట్టు పక్కనున్న మా పేటలో ఎవరి పెళ్లయినా ఆర్చి ఆయనే కట్టేవాడు. పురుగు పట్టి ఎలాగూ చచ్చిపోయే చెట్లు ఏ దొడ్లో ఉన్నాయో ఆయనకు గుర్తు. ఆసామీని అడిగి ఆ చెట్ల మొవ్వులే తెచ్చేవాడు. గుమ్మం వెడల్పు కొలిచి, ఆర్చికి ఎన్ని ఆకులు పడతాయో నేను చెప్పేదాన్ని.

నా చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. లెక్కలు కొబ్బరికాయల రాశి దగ్గర వచ్చాయి. రెండు చేతులా రెండేసి కాయలు తీసి పక్కన వేస్తే ఒక పుంజీ, పాతిక పుంజీలయితే వంద. నాన్న దింపిన కాయలు నేనే లెక్కపెట్టేదాన్ని. ఆ అలవాటుతో కొలవడానికి వీలున్నదల్లా కొలిచేదాన్ని. ఈ వయసులో కూడా కొత్త ఇంటికి వెళితే మనుషుల కంటే ముందు గుమ్మం వెడల్పే చూస్తాను.

ఎనభైల మొదట్లో ఒక వర్షాకాలం నాన్న తడి చెట్టు మీంచి జారిపడ్డాడు. నడుం నుంచి కిందికి కదలిక పోయింది. అమలాపురంలో ఆసుపత్రిలో ఉంచి, ఇక చేసేదేమీ లేదని ఇంటికి పంపించేశారు. క్రిస్మస్ నాటికి నడుం కింద పుళ్లు పడ్డాయి. అమ్మ రోజూ వేపాకు కాచిన నీళ్లతో కడిగేది. సంక్రాంతి వెళ్లాక జ్వరం మొదలైంది. చూడ్డానికి వచ్చిన డాక్టరు గారు అమ్మను పెరట్లోకి పిలిచి, ఈస్టరు దాకా ఉండకపోవచ్చునని చెప్పి వెళ్లిపోయారు.

అప్పటికే చెల్లికి మలికిపురం సంబంధం కుదిరింది. అబ్బాయి బడిలో అటెండరు. పెళ్లి ఈస్టరు తరవాత అనుకున్నారు. గుడి అంటే మాకు చర్చే. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాలు నలభై రోజులూ మా గుడిలో పెళ్లిళ్లు చేయరు. ఈలోగా నాన్న పోతే ఇంకో ఏడాది ఆగాలి. అలాగని వెంటనే చేయడానికీ లేదు, ముందు మూడు ఆదివారాలు గుడిలో పెళ్లి ప్రకటన చదవాలి. నేను వేళ్ల మీద లెక్కవేసి చూశాను. రాబోయే ఆదివారమే మొదటి ప్రకటన చదివిస్తే శ్రమదినాలు మొదలయ్యే భస్మ బుధవారానికి ముందు ఒక్క మంగళవారం మిగులుతుంది.

పాస్టరు గారిని మేం అయ్యగారు అంటాం. ఆయన వచ్చి, మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, పెళ్లి ఇంటి దగ్గరే చేస్తానన్నారు.

"నువ్వు కదలక్కర్లేదయ్యా. ప్రార్థన ఎక్కడ చేసినా ప్రార్థనే."

"ఆయ్, అదీ నిజమేనండి," అన్నాడు నాన్న. "కాని పెద్దదాని పెళ్లి గుళ్లో చేసేను. చెయ్యి నేనే పట్టించేను. చిన్నది ఏం తప్పు చేసిందండి, పశువుల పాక పక్కన చెయ్యడానికి?"

అయ్యగారు సరేనన్నారు. పెద్దదంటే నేను, నాన్న పడ్డప్పటి నుంచి పుట్టింట్లోనే ఉంటున్నాను. పెళ్లిపిల్లను ఎవరిస్తున్నారని గుడిలో అడిగినప్పుడు, నేనిస్తున్నానని చెప్పి చెల్లి చెయ్యి అబ్బాయి చేతిలో పెట్టాలి. నాన్నకు ఆ కోరిక ఒక్కటే మిగిలింది. కూర్చోలేడు కనక రిక్షా పనికిరాదు. మంచం మీదే మోసుకెళ్దామన్నారు ఆయనతో చెట్లెక్కిన నలుగురు.

చేతిలో ఏమీ లేదు కనక ఏది కొనాలన్న చర్చే రాలేదు. గుడిలోకి కాగితం పూలు చేశాం. ముడతల కాగితం, కొబ్బరి ఈనెలు, మైదా ఉడకబెట్టిన జిగురు. కాగితాన్ని పొడుగునా కత్తిరిస్తే రేకు సాగదు, అడ్డంగా కత్తిరిస్తేనే బొటనవేలితో నొక్కినప్పుడు గులాబీ రేకులా ఉబ్బుతుంది. చెల్లి తన పెళ్లి పూలు తనే చేసుకుంది. ఆర్చికి మొవ్వులు మాత్రం దొరకలేదు. చచ్చే చెట్లు ఎక్కడున్నాయో నాన్న మంచం మీంచి చెప్పాడు గాని, మనుషులు వెళ్లి చూస్తే వాటిని అప్పటికే కొట్టేశారు. ముదురాకుతో కట్టిన ఆర్చి పచ్చగా, మోటుగా ఉంది. నాన్నకు చూపించలేదు.

కేకు పిన్ని చేసింది. అమ్మకు చెల్లెలు. పెళ్లికి ముందు ఒక డాక్టరు గారి బంగళాలో వంటకు ఉండేది. ఆవిడకు తెలిసిన కొలత ఎనిమిది కోడిగుడ్లకు. మా ఇంట్లో ఉన్నవి బాతుగుడ్లు. బాతుగుడ్డు పెద్దది, ఎనిమిదీ వేస్తే పిండి పలచనైపోతుంది. అందుకని గుడ్లను తక్కెట్లో ఒక వైపు పెట్టి, వాటి ఎత్తుకు సరిగ్గా పంచదార, అదే ఎత్తు మైదా, అదే ఎత్తు డాల్డా తూచాను. అల్యూమినియం డేగిశాలో గోదావరి ఇసుక పోసి, దాని మీద గిన్నె పెట్టి, మూత మీద కొబ్బరి చిప్పల నిప్పులు వేశాం. చిప్పల నిప్పు మొదట్లో మహా వేడి. అడుగు మాడింది. మాడినంత మేర కోసేసి, పాకం రాసి, పైన కొబ్బరి కోరు చల్లాం.

ఆ డేగిశా వసారాలో నాన్న మంచానికి దగ్గర్లోనే పెట్టాం. కేకు పొంగుతుంటే వెనిల్లా వాసన ఇల్లంతా కమ్ముకుంది. బయటి నుంచి వచ్చిన పిన్ని భర్త, మా బాబాయి, గుమ్మంలో ఆగిపోయాడు.

"ఏంటిది, కేకు వాసనేనా?" అని ముక్కు ఎగబీల్చాడు. తరవాత మంచం వైపు చూసి తల తిప్పుకున్నాడు.

రోజూ ఇంట్లోనే ఉండేవాళ్లం కనక మాకు అంతగా తెలియలేదు. తీపి వాసన కింద ఆ రెండో వాసన, పుళ్లది, ఆ రోజు నాకూ తెలిసింది. పెరట్లోకి వెళ్లాక పిన్ని మెల్లగా అడిగింది.

"గుళ్లో అంతమందిలో ఎలాగే? మగపెళ్లివారి ముందు?"

"మూసిపెడతామా ఏంటి మనిషిని?" అంది అమ్మ.

"మూసిపెట్టడం కాదక్కా. మంచం చుట్టూ పూలు కడదాం. నిమ్మాకు, మరువం వేసి కడితే ఆ వాసనకి ఇది పైకి రాదు. పెళ్లికి అలంకరించినట్టే ఉంటాది."

ఎవరికీ అందులో తప్పు కనబడలేదు. నేను నులకమంచం చుట్టుకొలత తీసి, ఎన్ని మూరల దండ కావాలో చెప్పాను. ఊరికే దొరికేవి నందివర్ధనాలు, బంతిపూలు. నందివర్ధనాలకు వాసన లేదు గాని తెల్లగా నిండుగా ఉంటాయని దండ నిండా అవే వేశాం. మధ్యమధ్య మరువం, నిమ్మకొమ్మలు. తలవైపు పిన్ని కట్టింది, కాళ్లవైపు అమ్మ, రెండు పక్కలా నేను. జారిపోకుండా నులకలోంచి దారం దూర్చి ముడులు బిగించాను. ఎవరి వైపు వాళ్లం వంచిన తల ఎత్తకుండా చేశాం. నాలుగడుగులు వెనక్కి వేసి మంచాన్ని మొత్తంగా చూసినవాళ్లు మాలో లేరు.

మంగళవారం పొద్దున్న అమ్మ నాన్నకు ఒళ్లు తుడిచి, తెల్లచొక్కా తొడిగి, ఉతికిన తెల్లదుప్పటి గుండెల దాకా కప్పింది. చెల్లిని రిక్షాలో ముందు పంపించాం. నలుగురూ స్నానాలు చేసి తెల్లపంచెలు కట్టుకుని వచ్చి మంచం ఎత్తారు. వెనక అమ్మా నేనూ, కేకు బుట్ట నెత్తిన పెట్టుకుని పిన్నీ, బాబాయీ. గట్టు ఎక్కేసరికి ఎండ నేరుగా నాన్న కళ్లలో పడింది. అమ్మ పరుగున ముందుకెళ్లి ఆయన మొహం మీద పల్చటి తువ్వాలు కప్పింది.

టీ బడ్డీ దగ్గర బెంచీ మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డారు. నాన్న మీద గౌరవం అనుకున్నాను. ఎదురుగా సైకిలు మీద వస్తున్న ఒకాయన దిగి, భుజం మీది కండువా తీసి చేత్తో పట్టుకున్నాడు. ఇంకో నాలుగడుగులు వెళ్లామో లేదో, పొలంలోంచి ఒక మనిషి గట్టెక్కి గబగబా వచ్చి, ముందు కోడు మోస్తున్నాయన పక్కన చేరాడు.

"కాసేపు నాకియ్యండి. నేనూ పడతాను."

మా వైపు శవాన్ని మోసుకెళ్తుంటే దారిన పోయేవాళ్లు భుజం మార్చుకోవడం మర్యాద. మోస్తున్నాయనకు అర్థమయ్యేలోపే ఆ మనిషి మంచం కింద భుజం పెట్టేశాడు. అప్పుడు నాకు మంచం మొత్తం కనబడింది. తెల్లపూలు, తెల్లదుప్పటి, మొహం మీద గుడ్డ.

ఈలోగా మలుపు దగ్గర ఇంట్లోంచి ఒక ముసలావిడ గుండె బాదుకుంటూ వచ్చేసింది. వాళ్ల దొడ్లో దింపు ఏళ్ల తరబడి నాన్నదే.

"వెళ్లిపోయేవా నాయనా! మా చెట్లు ఇంకెవరెక్కుతారు! ఒక్క కాయ దాచుకునేవాడివి కాదే! చిన్నదాని పెళ్లైనా చూడకుండా వెళ్లిపోయేవా బాబూ!"

మంచం కోడు పట్టుకుని ఆవిడ నడుస్తోంది. కాదని చెప్పడానికి నేను ముందుకు వెళ్లాను. తువ్వాలు కింద నుంచి నాన్న గొంతు వచ్చింది.

"పెళ్లికే వెళ్తన్నానండి అమ్మగారూ."

ఆవిడ చెయ్యి వదిలేసి గట్టు మీద కూలబడింది. భుజం పెట్టిన మనిషి మంచం వదిలేయబోతే వెనకాయన కేకేసి పట్టుకోమన్నాడు. మంచం దించారు. నాన్న మొహం మీద గుడ్డ తనే లాగేసుకున్నాడు.

"అయ్యో నా మతి మండా. బతికుండగానే ఏడ్చేసేనా నిన్ను," అంది ముసలావిడ.

"ఆయ్, విన్నానండి. బాగానే ఏడ్చేరు. ఒక్క కాయ దాచుకోలేదన్నారు, అదొక్కటీ నిజం కాదు."

ఒకరిద్దరు నవ్వారు. నాన్న నవ్వలేదు. తల తిప్పి పూలు చూశాడు. ఆ పక్కా, ఈ పక్కా, మెడ తిరిగినంత మేర చూశాడు.

"తీసెయ్యండి ఇవి."

"ఉండనీ మావా," అంది అమ్మ. "గుళ్లో... వాసనొస్తాది."

ఆ మాట ఆయన దగ్గర ఎవరమూ ఎన్నడూ అనలేదు.

"నాకు ముక్కు లేదనుకున్నావా?" అన్నాడు నాన్న. "ఇన్నాళ్లూ దాంతోటే పడుకున్నాను. కొట్టనీ. పీనుగలాగ మాత్రం నా కూతురి పెళ్లికి వెళ్లను."

నేను బిగించిన ముడులు విడలేదు. మోసేవాళ్లలో ఒకాయన మొలలోంచి దింపు కత్తి తీసి దారాలు కోశాడు. పూలూ మరువమూ నిమ్మాకూ గట్టు పక్కన పోగేసి, మంచం మళ్లీ ఎత్తాం.

గుడికి చేరేసరికి మొదటి కీర్తన అయిపోయింది. కాగితం గులాబీలు కిటికీలకు బాగానే అమరాయి. మంచం మధ్య దారిలోంచి ముందుకు తీసుకెళ్లి, చెల్లి నిలబడ్డ చోటికి దగ్గరగా దించారు. చాపల మీద కూర్చున్న ఆడవాళ్లు కొంచెం కొంచెంగా పక్కకు జరిగారు. జరిగినట్టు తెలియకూడదని పిల్లల్ని సర్దుతున్నట్టు జరిగారు. మొదటి చాప ఖాళీ అయింది, తరవాత రెండోది. పెళ్లికొడుకు తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెళ్లికొడుకు తండ్రి లేచి అమ్మ దగ్గరకు వచ్చాడు. చాలా మర్యాదగా, చేతులు కట్టుకుని మాట్లాడాడు.

"వదినగారూ, బావగారికి ఇక్కడ ఉక్కగా ఉన్నట్టుందండి. వసారాలో పెట్టిస్తే గాలి తగుల్తాది. కిటికీలోంచి అన్నీ కనబడతాయండి."

అమ్మ నాన్న వైపు చూడలేదు.

"ఆయ్," అంది.

నలుగురూ మంచం ఎత్తి వసారాలో కిటికీ కింద పెట్టారు. కిటికీ నేల నుంచి నా నడుం ఎత్తుంది. మంచం మీద పడుకున్న మనిషికి దాంట్లోంచి గుడి పైకప్పు కనబడుతుంది. నేను బయటే, మంచం పక్కన నిలబడ్డాను.

లోపల అయ్యగారు అడిగారు, ఈమెను ఈ పురుషునికి ఎవరిస్తున్నారని.

"నేనండి," అన్నాడు నాన్న.

గొంతు మంచం దాటలేదు. మళ్లీ అనబోతే దగ్గు వచ్చింది. తరవాత లోపలి నుంచి బాబాయి గొంతు, గట్టిగా, స్పష్టంగా, "నేనిస్తున్నానండి," అంది. అలా అనమని ఎవరు చెప్పారో నేను కనుక్కోలేదు. బహుశా ఎవరూ చెప్పి ఉండరు. ఎవరో ఒకరు అనాలి కదా. కిటికీలోంచి నాకు కనబడింది, బాబాయి చెల్లి చెయ్యి తీసి అబ్బాయి చేతిలో పెట్టడం.

"అయిపోయిందా?" అన్నాడు నాన్న.

"అయిపోయింది నాన్నా."

కేకు గుడి వెనక రేకుల షెడ్డులో కోశారు. నాన్నకు ఒక ముక్క తెచ్చాను. చేత్తో పట్టుకున్నాడు గాని తినలేదు.

డాక్టరు గారు చెప్పినట్టే అయింది, శ్రమదినాలు సగం కాకుండానే నాన్న పోయాడు. ఆ రెండు మూడు వారాల్లో పెళ్లి గురించి ఆయన ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు.

పెళ్లి రోజు మాత్రం, ఇంటికి తీసుకెళ్లడానికి మంచం ఎత్తబోతుండగా చెల్లి గుడి వసారాలోకి వచ్చింది. తల మీద ముసుగు అలాగే ఉంది. వెనక అబ్బాయి గుమ్మంలోనే ఆగాడు. చెల్లి నేల మీద కూర్చుని, గాజులు వెనక్కి తోసుకుని, కుడిచెయ్యి నాన్న చేతిలో పెట్టింది.

"నువ్వు పట్టించు నాన్నా. ఆయన వచ్చేరు. ఇప్పుడు పట్టించు."

నాన్న ఆ చేతిని తిప్పి చూశాడు. వేళ్లకు మైదా జిగురు ఇంకా అక్కడక్కడా అంటుకునే ఉంది. బొటనవేలితో దాన్ని కొంచెం గీకాడు.

"ఇచ్చేసేరుగా అమ్మా," అన్నాడు. "ఒకసారి ఇచ్చేసిన చెయ్యి మళ్లీ నేనెలా ఇస్తాను?"

చెల్లి లేవలేదు. నలుగురూ మంచం కోళ్లు పట్టుకుని నిలబడ్డారు. నాన్న ఆ చెయ్యి వదిలేదాకా ఎత్తలేదు.